యాటిక్ ఎక్కే కాంట్రాక్టర్



ఈ పూట మాట్లాడుకునేది ఇంటి కప్పు గురించి. అందులోనూ మిన్నెసోటా ఇంటి కప్పు గురించి. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల చుట్టూ ఈడెన్ ప్రెయిరీ, ప్లిమత్, మేపుల్ గ్రోవ్, వుడ్‌బరీ, ఈగన్ లాంటి ఊళ్లలో మనవాళ్లు చాలామంది సొంత ఇళ్లు కొనుక్కుని స్థిరపడ్డారు. కొన్నేళ్లు హాయిగా గడుస్తాయి. ఆ తర్వాత ఒకనాడు ఎవరో తలుపు తట్టి, "మీ రూఫ్ పాడైపోయింది, మార్చాలి" అంటారు. లేదంటే ఇలాంటి ఫిబ్రవరి పొద్దున్నే పడగ్గది సీలింగ్ మూలన గోధుమరంగు మరక కనబడుతుంది. పని ఎవరికి అప్పజెప్పాలన్న ప్రశ్న అప్పుడు మొదలవుతుంది. వేల డాలర్ల పని. చేసినవాడు ట్రక్కెక్కి వెళ్లిపోతాడు, ఆ కప్పు కింద ఉండాల్సింది మనం.

ఇళ్లు కొనేవాళ్ల తరఫున తనిఖీ చేసి రిపోర్టు రాసిచ్చే పని నాది. కాబట్టి చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. చలి ప్రాంతంలో కప్పుకి వచ్చే జబ్బు చాలావరకు ఇంటి లోపలి నుంచే వస్తుంది. అందుకని, కప్పు పైకెక్కి ఫొటోలు తీసి ధర చెప్పేవాడికి కాదు, కప్పుకీ సీలింగ్‌కీ మధ్యనుండే యాటిక్‌లోకి దూరి చూసినవాడికి పని ఇవ్వండి.

మనం పుట్టి పెరిగిన ఇళ్ల సంగతి వేరు. స్లాబ్ పోసిన రోజున కొబ్బరికాయ కొట్టి, మేస్త్రీకీ కూలీలకీ భోజనాలు పెట్టి, మర్నాటి నుంచి మడులు కట్టి నీళ్లు నిలబెడితే, ఇక ఆ కప్పు గురించి ఆలోచించే అవసరం ఏళ్లతరబడి రాదు. ఇక్కడి కప్పు అలాంటిది కాదు. చెక్క ట్రస్సులు, వాటిమీద ప్లైవుడ్డో ఓఎస్‌బీ పలకలో, వాటిమీద తారు షింగిల్స్. ఈ షింగిల్స్ పని నీటిని కిందికి జారవిడవడం. వాలు మీద ఒకదానిమీద ఒకటి పరిచి ఉంటాయి కాబట్టి పైనుంచి వచ్చిన నీరు చూరుదాకా జారిపోతుంది. అదే నీరు కింద అడ్డం తగిలి పైకి ఎగదన్నితే వాటికి ఆపే శక్తి లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది.

మంచు అనగానే మనకు ముందు బరువు గుర్తొస్తుంది. 2010 డిసెంబర్ 12న మినియాపొలిస్‌లో మెట్రోడోమ్ స్టేడియం కప్పు మంచు బరువుకి చిరిగి, మంచంతా మైదానంలోకి కుప్పగా జారిన దృశ్యం ఇక్కడ పాతకాపులెవరూ మరిచిపోలేదు. కానీ అది గాలి ఒత్తిడితో నిలబెట్టిన గుడ్డ కప్పు. కోడ్ ప్రకారం కట్టిన చెక్క ఇల్లు మామూలు మంచు బరువుకి తట్టుకుంటుంది. మన ఇళ్లను పాడుచేసేది మంచు బరువు కన్నా కరిగిన నీళ్లు. బయట సున్నా ఫారెన్‌హీట్ ఉంటే కప్పు మీద మంచు ఎలా కరుగుతుందని మీరడగవచ్చు. కరిగించేది మన ఇంటి హీటరే.

ఎలాగో చూడండి. ఇంట్లో డెబ్భై డిగ్రీల వెచ్చదనం ఉంటుంది. వేడి గాలి పైకి పోతుంది. సీలింగ్‌లో బిగించిన లైట్ల చుట్టూ సందులు, ప్లంబింగ్ పైపులు పైకెళ్లే కన్నాలు, యాటిక్ మూత అంచులు, వీటిలోంచి అది యాటిక్‌లోకి చేరుతుంది. ఇన్సులేషన్ పల్చగా ఉంటే అక్కడి నుంచి కూడా వేడి ఎక్కుతుంది. యాటిక్ వేడెక్కితే కప్పు పలకలు లోపలి నుంచి వేడెక్కి, పైన మంచు అడుగుభాగం కరుగుతుంది. ఆ నీరు మంచు కిందుగా జారుకుంటూ చూరుదాకా వస్తుంది. చూరు గోడ దాటి బయటికి ఉంటుంది, దానికింద వేడి లేదు. అక్కడికి రాగానే నీరు గడ్డకడుతుంది. రోజుకింత చొప్పున గడ్డ పెరిగి కట్టలా లేస్తుంది. దాన్నే ఇక్కడ ఐస్ డ్యామ్ అంటారు. వెనకనుంచి వచ్చే నీళ్లకు దారి లేక కట్ట వెనక నిలబడి, షింగిల్స్ కిందికి ఎగదన్ని, మేకుల కన్నాల్లోంచి పలకల్లోకి, గోడల్లోకి, మన సీలింగ్ మీదికి దిగుతాయి.

ఇది అర్థమైతే ఇంకో సంగతి దానంతటదే తేలుతుంది. ఐస్ డ్యామ్‌తో ఇబ్బంది పడుతున్న ఇంటికి పాత షింగిల్స్ పీకి కొత్తవి వేసినంత మాత్రాన జబ్బు కుదరదు. కొత్త షింగిల్స్ మీదా మంచు పడుతుంది, కిందనుంచి వేడి తగులుతుంది, మళ్లీ కట్ట కడుతుంది. ఇరవై వేలు ఖర్చుపెట్టిన ఏడాదికే మళ్లీ అదే మూలన అదే మరక. అలాంటప్పుడు షింగిల్స్‌ని తిట్టుకుని లాభం లేదు.

అందుకని కాంట్రాక్టర్‌ని పిలవకముందు మీరే చేయదగ్గ పరీక్షలు రెండున్నాయి. రెంటికీ ఇదే తగిన కాలం. మంచు పడి ఆగిన తర్వాత రోడ్డు మీద నిలబడి మీ కప్పునీ, పక్కింటి కప్పునీ చూడండి. మంచు అంతటా ఒకే మందంలో కూర్చుని ఉంటే ఆ ఇల్లు వేడిని లోపలే దాచుకుంటున్నట్టు. ఎండ తగలని వైపు కూడా నడిమధ్యన మంచు కరిగి షింగిల్స్ నల్లగా బయటపడి, చూరుకి మాత్రం లావుపాటి ఐసు వేళ్లాడుతుంటే మీ హీటింగ్ బిల్లు ఎటు పోతుందో తెలిసినట్టే. పిల్లలకు ముచ్చటగా కనిపించే ఆ ఐసు ఊడల్ని నాలుగువైపుల నుంచీ ఫొటోలు తీసి తేదీతో దాచిపెట్టండి. జూన్‌లో కాంట్రాక్టర్ వచ్చినప్పుడు కప్పు మీద ఆ జాడ ఏదీ ఉండదు. మీ ఫొటోలే చెప్పాలి. ఇక్కడ కప్పు పనికి అదును వసంతం నుంచి ఆకురాలే కాలం దాకా. కానీ కప్పు జబ్బు బయటపడేది చలికాలంలోనే. పని వేసవిలో చేయించండి, మనిషిని మాత్రం ఇప్పుడే వెతకండి.

రెండో పరీక్ష యాటిక్‌లో. గట్టి చలి వేసిన పొద్దున టార్చిలైటు పట్టుకుని మూత తెరిచి తలపెట్టి చూడండి. పలకల మీది నుంచి కిందికి పొడుచుకొచ్చిన షింగిల్ మేకుల మొనలు వరసలుగా కనిపిస్తాయి. ఒక్కో మొనకీ తెల్లగా నూగు పట్టి ఉంటే ఇంట్లోని తేమ పైకి చేరుతోందన్నమాట. ఎండ కాసిన మధ్యాహ్నం ఆ నూగు కరిగి బొట్లుబొట్లుగా ఇన్సులేషన్ మీద పడుతుంది. చాలామంది కప్పు కారుతోందనుకునేది దీన్ని చూసే. ఇన్సులేషన్ పొరను కాస్త పైకెత్తండి. గులాబీ రంగుదో, పసుపుదో అయిన ఆ దూది కిందివైపు నల్లగా మసి పట్టినట్టు ఉంటే అక్కడ గాలి లీకవుతోంది. ఏళ్లతరబడి ఆ సందులోంచి పైకి పోయే గాలిని ఈ దూది వడగట్టింది, ఆ నలుపంతా ఇంట్లోని దుమ్ము. జాగ్రత్త సుమా, అడుగు చెక్క దూలాల మీదే పెట్టాలి. మధ్యలో పెడితే సీలింగ్ పగిలి కాలు హాల్లోకి దిగుతుంది.

ఇక్కడ మన ఇళ్లకు ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పాలి. మన వంటంతా ఆవిరి. పొద్దున ఇడ్లీ కుక్కర్, మధ్యాహ్నం పప్పు, సాయంత్రం పులుసు మరుగుతూనే ఉంటుంది. ఊరినుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్లకు ముక్కులు ఎండిపోతున్నాయని హ్యుమిడిఫయర్లు. స్టవ్ మీది ఫ్యాన్ చూద్దామా అంటే, చాలా ఇళ్లలో అది గాలిని బయటికి పంపదు, జల్లెడలోంచి తిప్పి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం కొన్ని ఇళ్లలో కప్పు దాటి బయటికి పోకుండా యాటిక్‌లోనే ఆగిపోయి ఉంటుంది. ఆ తేమంతా పైకి చేరి, చల్లటి పలకలకి తగిలి, నీరై, బూజై, చివరికి పలకల్ని పుచ్చిపోయేలా చేస్తుంది. కాంట్రాక్టర్ వచ్చినప్పుడు బాత్రూమ్ ఫ్యాన్ గొట్టం ఎక్కడ తేలిందో చూసి చెప్పమనండి. ఈ మాటకి అతను ఏమంటాడో విన్నా చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

మంచి కాంట్రాక్టర్ మీ ఇంటికి వచ్చాక ఏం చేస్తాడు? నిచ్చెన వేసి కప్పు చూస్తాడు, నిజమే. తర్వాత యాటిక్ మూత ఎక్కడని అడుగుతాడు. లోపల ఇన్సులేషన్ ఎంత మందం ఉందో కొలుస్తాడు. చూరు కింద గాలి లోపలికి వచ్చే సాఫిట్ రంధ్రాలు ఇన్సులేషన్‌తో పూడుకుపోయాయేమో చూస్తాడు. అక్కడ వచ్చిన చల్లగాలి కప్పు పై అంచున ఉన్న వెంట్ల గుండా బయటికి పోవాలి. కిందనుంచి దారి మూసుకుపోతే పైన ఎన్ని వెంట్లు పెట్టినా దండగే. అంతా చూశాక, "ముందు ఇన్సులేషన్ వాళ్లను పిలిచి సీలింగ్ సందులు పూడ్పించండి, నా పని తర్వాత" అని చెప్పేవాళ్లూ ఉన్నారు. చేతికొచ్చిన పనిని ఒక అడుగు వెనక్కి నెట్టుకుని మరీ నిజం చెప్పాడంటే అలాంటివాణ్ణి వదులుకోకండి. ఇంటికి రాకుండానే ఉపగ్రహ ఫొటోతో కొలతలు తీసి ఈమెయిల్లో ధర పంపేవాళ్లున్నారు. కొలతలకు ఆ పద్ధతి తప్పేమీ కాదు. కానీ ఉపగ్రహానికి మీ యాటిక్ కనబడదు.

తర్వాత కాగితం మీద ఏముండాలో చూద్దాం. కనీసం మూడు ఎస్టిమేట్లు తీసుకోండి. అడుగున ఉన్న మొత్తాన్ని పోల్చేముందు లోపలి వరుసల్ని పోల్చండి. మొదట ఐస్ అండ్ వాటర్ షీల్డ్. ఇది షింగిల్స్ కింద పలకలకు అతుక్కునే జిగురు పొర. మేకు దిగినా చుట్టూ పట్టుకుని నీటిని ఆపుతుంది. చూరు అంచు నుంచి మొదలై, బయటి గోడ వరస దాటి ఇంటి లోపలివైపు కనీసం 24 అంగుళాలు పోవాలని ఇక్కడి కోడ్. లెక్క వేసి చూడండి. మీ చూరు గోడ దాటి రెండు అడుగులు బయటికి ఉందనుకుంటే, ఇంకో రెండు అడుగులు లోపలికి, మొత్తం నాలుగడుగులు. అది అడ్డం కొలత. వాలు మీద కొలిస్తే ఇంకా పెరుగుతుంది. ఈ పొర చుట్టల వెడల్పు సాధారణంగా 36 అంగుళాలు. అంటే ఒక్క వరస చాలదు, రెండు వరసలు పరవాల్సిందే. కాగితం మీద "కోడ్ ప్రకారం" అని రాసి ఊరుకుంటే ఒప్పుకోకండి. "మా ఇంటి చూరుకి ఎన్ని వరసలు వేస్తారు?" అని అడిగి, ఆ అంకె రాయించండి. రెండు వాలులు లోయలా కలిసే చోట్ల కూడా ఈ పొర రాయించుకోండి.

రెండోది ఫ్లాషింగ్. గోడా కప్పూ కలిసేచోట, చిమ్నీ చుట్టూ మడిచి పెట్టే రేకులు ఇవి. కప్పు కారిన చోటల్లా ముందు అనుమానించాల్సింది వీటినే. "పాతవే మళ్లీ వాడతాం" అంటే ధర తగ్గుతుంది, తర్వాత ఖర్చు పెరుగుతుంది. మూడోది పలకలు. పాత షింగిల్స్ పీకాక కింద పుచ్చిన పలకలు బయటపడితే ఒక్కో పలకకి ఎంత తీసుకుంటారో ముందే రాయించండి. అది రాయకపోతే కప్పు విప్పదీసి ఉన్నప్పుడు, ఆకాశం మబ్బేసి ఉన్నప్పుడు, ఎంత చెబితే అంతకి ఒప్పుకోవాల్సి వస్తుంది. నాలుగోది, పాతవాటిమీదే కొత్త షింగిల్స్ వేసేస్తామంటే వద్దనండి. డబ్బు మిగులుతుంది గానీ, పలకలు ఎలా ఉన్నాయో చూసే అవకాశం పోతుంది. చూరు వెంట జిగురు పొరని నేరుగా పలకలకి అతికించడమూ కుదరదు.

అయిదోది ఉష్ణోగ్రత. షింగిల్ అడుగున జిగురు పట్టీ ఉంటుంది. ఎండ వేడికి అది కరిగి కింది షింగిల్‌ని పట్టుకుంటుంది. దాదాపు 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చలి పెరిగితే ఆ జిగురు దానంతటది అంటుకోదు. షింగిల్స్ కూడా బిరుసెక్కి వంచితే చిట్లుతాయి. నవంబర్ చివర్లో "డిస్కౌంట్ ఇస్తాం, ఇప్పుడే చేయించుకోండి" అన్నవాణ్ణి, ఒక్కో షింగిల్‌కీ చేత్తో రూఫింగ్ సిమెంటు పెట్టి అతికిస్తావా అని అడగండి. చలిలో చేయాల్సిన పద్ధతి అదే. కారుతున్న కప్పు అయితే చలిలోనైనా చేయించక తప్పదు. ఆ అవసరం లేనప్పుడు డిస్కౌంట్ కోసం తొందరపడకండి, మే నెలదాకా ఆగండి.

ఇక మనిషి పత్రాలు. మిన్నెసోటాలో ఇళ్ల కప్పు పని చేసే కాంట్రాక్టర్‌కి రాష్ట్ర కార్మిక, పరిశ్రమల శాఖ లైసెన్సు ఉండాలి. నంబరు అడిగి తీసుకుని, ఆ శాఖ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. లైసెన్సు అమల్లో ఉందా, ఆ పేరు మీద చర్యలేమైనా తీసుకున్నారా అన్నవి అక్కడ కనబడతాయి. లైసెన్సు వల్ల ఇంకో లాభం ఉంది. లైసెన్సున్న కాంట్రాక్టర్ మోసం చేసి చేతులెత్తేస్తే, కోర్టు తీర్పు తెచ్చుకున్న ఇంటి యజమానికి కొంతవరకు పరిహారమిచ్చే నిధి ఒకటి రాష్ట్రం నడుపుతోంది. లైసెన్సు లేనివాడికి పని ఇస్తే ఆ నిధి గడప కూడా తొక్కలేం. నగరపాలక పర్మిట్ తీసే బాధ్యత కూడా కాంట్రాక్టర్‌దే. "మీ పేరు మీద తీయండి, చవకవుతుంది" అన్నాడంటే అతని పేరు మీద తీయడానికి ఏదో ఇబ్బంది ఉందన్నమాట.

ఇన్సూరెన్సు రెండు రకాలు అడగాలి. మీ ఆస్తికి నష్టం జరిగితే ఇచ్చేది ఒకటి, పనివాడికి దెబ్బ తగిలితే ఇచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్ రెండోది. సర్టిఫికెట్ కాంట్రాక్టర్ చేతి నుంచి కాకుండా అతని ఇన్సూరెన్సు ఏజెంటు నుంచే నేరుగా మీకు రావాలి. కప్పు మీద పనిచేసేవాళ్లు తరచు వేరే సబ్‌కాంట్రాక్టర్ తరఫువాళ్లై ఉంటారు, వాళ్లకూ బీమా వర్తిస్తుందో లేదో అడగండి. ఆరడుగుల ఎత్తు దాటితే పడకుండా రక్షణ ఏర్పాట్లు ఉండాలని సమాఖ్య ప్రభుత్వ నిబంధన. తాడూ బెల్టూ లేకుండా మనుషుల్ని పైకెక్కించే కాంట్రాక్టర్ మీ షింగిల్స్ పట్ల మాత్రం శ్రద్ధ చూపిస్తాడని నేననుకోను.

డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. చివరి వాయిదా నగరపాలక ఇన్‌స్పెక్షన్ అయ్యాకే. ఇక్కడ మనవాళ్లకు చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది, దాని పేరు లీన్. మీరు కాంట్రాక్టర్‌కి పూర్తిగా చెల్లించినా, అతను షింగిల్స్ అమ్మిన దుకాణానికో, పనిచేసిన సబ్‌కాంట్రాక్టర్‌కో బాకీ పడితే, వాళ్లు మీ ఇంటిమీద హక్కు దాఖలు చేయవచ్చు. మిన్నెసోటాలో అందుకు వాళ్ల పని ముగిశాక 120 రోజుల గడువుంటుంది. అందుకని ఆఖరి చెక్కు ఇచ్చేటప్పుడే, అందరికీ డబ్బు ముట్టిందని, ఇంటిమీద హక్కు వదులుకున్నామని సంతకాలు చేసిన లీన్ వేవర్ కాగితాలు తీసుకోండి. మంచి కాంట్రాక్టర్‌కి ఇది రోజూ ఉండే పనే, నొచ్చుకోడు.

వేసవిలో వడగళ్లు పడ్డ వారంలో మన వీధుల్లో సందడి చూస్తుంటారుగా. క్లిప్‌బోర్డులు, టాబ్లెట్లు పట్టుకుని కుర్రాళ్లు ఇంటింటికీ వస్తారు. "ఉచితంగా చూస్తాం, చూసినట్టు ఇక్కడొక సంతకం పెట్టండి" అంటారు. ఆ సంతకం చూడటానికేనా? చాలాసార్లు అందులో, వడగళ్ల నష్టానికి డబ్బివ్వడానికి మీ ఇంటి ఇన్సూరెన్సు ఒప్పుకుంటే పని మాకే ఇవ్వాలన్న షరతు ఉంటుంది. అది ఒప్పందమే. తెర మీద వేలితో గీసేముందు కాగితం అడిగి, చదివి, ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. ముందు మీ ఇన్సూరెన్సు ఏజెంటుకి ఫోన్ చేయండి. తలుపు దగ్గర సంతకం చేసిన ఒప్పందాన్ని మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకునే హక్కు చట్టం ఇచ్చింది. ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిమ్ తిరస్కరించినప్పుడు కూడా ఆ కబురు అందిన తర్వాత కప్పు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అయితే ఆ గడువు తక్కువ, వెంటనే రాతపూర్వకంగా తెలపాలి.

"మీ డిడక్టబుల్ మేమే చూసుకుంటాం, జేబులోంచి ఒక్క డాలర్ తీయక్కర్లేదు" అనే మాటకి మనవాళ్లు చాలామంది పడిపోతారు. డిడక్టబుల్ అంటే క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టాల్సిన వాటా. మిన్నెసోటా చట్టం ప్రకారం కాంట్రాక్టర్ అలా మాట ఇవ్వడమే కూడదు. పైగా ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఇన్సూరెన్సుకి బిల్లు పెంచి చూపించాలి, లేదా మీ కప్పులో కోత పెట్టాలి. కోత ఎక్కడ పెడతాడో మీకు కనబడదు, రెండో వరస జిగురు పొర అక్కడే ఎగిరిపోతుంది. లెక్క ఒకసారి వినండి. ఉదాహరణకి కప్పు ఖర్చు 20,000 డాలర్లు, అరుగుదల కింద 8,000, మీ డిడక్టబుల్ 2,500 అనుకుందాం. మొదట మీకు వచ్చే చెక్కు 9,500. కొత్త కప్పు విలువ ఇచ్చే పాలసీ అయితే పని పూర్తయ్యాక ఆ 8,000 కూడా వస్తుంది. ఉన్నదాని విలువే ఇచ్చే పాలసీ అయితే రాదు. మీది ఏ రకమో వడగళ్లు పడకముందే పాలసీ తీసి చూసుకోండి. టౌన్‌హోమ్‌లో ఉంటే కప్పు బాధ్యత అసోసియేషన్‌దా, మీదా అన్నది కూడా.

హామీల విషయానికొస్తే, అవీ రెండు. షింగిల్ తయారుచేసిన కంపెనీ ఇచ్చేది ఒకటి, పనికి కాంట్రాక్టర్ ఇచ్చేది ఇంకొకటి. "జీవితకాలం" అన్న మాట చూసి మురిసిపోవద్దు. యాటిక్‌లో గాలి ఆడకపోవడం వల్ల షింగిల్స్ పాడైతే తయారీదారు హామీ సాధారణంగా చెల్లదు. మళ్లీ యాటిక్ దగ్గరికే వచ్చాం చూడండి. కాంట్రాక్టర్ ఇచ్చే హామీకి, ఆ కంపెనీ ఎన్నాళ్లుగా అదే ఊళ్లో, అదే పేరుతో ఉందన్నదే విలువ. నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీ పాతికేళ్ల హామీ ఇస్తే నవ్వి ఊరుకోవాలి.

మన వాట్సాప్ గ్రూపుల గురించి కూడా ఒక మాట. "మాకు చేశాడు, సూపర్‌గా చేశాడు, రెండు రోజుల్లో అయిపోయింది" అని నంబరు పెడతారు. వెంటనే పదిమంది కలిసి గ్రూప్ డిస్కౌంట్ మాట్లాడేస్తారు. ఆ మాట చెప్పిన ఆయన కప్పు వేయించింది మొన్న ఆగస్టులో అయితే ఆ కప్పు ఇంకా ఒక్క మంచూ చూడలేదు. వాకిట్లో మేకులు ఏరేశారు, మర్యాదగా మాట్లాడారు, అంతవరకే ఆయన చెప్పగలడు. కాంట్రాక్టర్‌ని నాలుగైదు చలికాలాల కిందట చేసిన ఇళ్ల చిరునామాలు అడగండి. ఆ ఇంటివాళ్లను, "చూరుకి ఐసు ఎంత కడుతోందండీ? కారితే పిలిచినప్పుడు వచ్చాడా?" అని అడగండి. ఫిబ్రవరిలో అయితే అడగనక్కర్లేదు, ఆ ఇంటి ముందు కారు ఆపి చూరుకేసి ఒక చూపు చూస్తే చాలు.

ఈ చలికాలంలోనే ఇబ్బంది వచ్చినవాళ్లకు రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. సుత్తీ గొడ్డలీ పట్టుకుని ఐస్ డ్యామ్ మీదికి వెళ్లకండి, షింగిల్స్ పగులుతాయి, కాళ్లు జారుతాయి. రాతి ఉప్పు చల్లకండి. అది గట్టర్లనీ, రేకుల్నీ, కింది మొక్కల్నీ పాడుచేస్తుంది. కొత్తగా పడ్డ మంచుని పొడవాటి రూఫ్ రేక్‌తో నేలమీద నిలబడే చూరు పక్కనుంచి లాగేయండి. కట్ట కట్టి నీరు దిగుతుంటే, ఆవిరితో కరిగించేవాళ్లను పిలవండి. వాళ్లకూ లైసెన్సు, ఇన్సూరెన్సు అడగండి. ఇవన్నీ తాత్కాలికం. మందు మాత్రం సీలింగ్ సందులు పూడ్చడంలో, ఇన్సులేషన్‌లో, గాలి ఆడటంలో ఉంది. ఇక్కడి కరెంటు, గ్యాస్ కంపెనీలు తక్కువ రుసుముతో ఇంటి తనిఖీ చేయిస్తాయి. తలుపుకి ఫ్యాన్ బిగించి ఇల్లు ఎక్కడెక్కడ గాలి వదులుతోందో చూపిస్తారు. కప్పు ఎస్టిమేట్లు పిలవకముందే అది చేయిస్తే, కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ఎండలు రాగానే మీ ఇంటికీ ఎవరో ఒకరు వస్తారు. యాటిక్‌లోకి ఎక్కుతాను, మూత ఎక్కడుందో చూపించమన్నవాణ్ణి లోపలికి పిలిచి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి మాట్లాడండి. వచ్చీ రాగానే సంతకానికి టాబ్లెట్ చాపినవాడికి వాకిట్లోనే ఒక నమస్కారం పెట్టి పంపించండి.